కాసోవరి: మన భయం, మన జాలి

గత సంవత్సరం మన కళాశాల వార్షికోత్సవాల సందర్భంగా జరిగిన క్విజ్ పోటీలో "ప్రపంచంలోకెల్లా ప్రమాదకరమైన పక్షి ఏది?" అన్న ప్రశ్న వచ్చింది. ప్రశ్న ముగియక ముందే ఒక విద్యార్థి లేచి "కాసోవరి" అన్నాడు. సభలో చప్పట్లు మారుమ్రోగాయి. న్యాయనిర్ణేతల వరుసలో కూర్చున్న నేను కుతూహలం కొద్దీ, "బాగున్నది. ఆ పక్షి ఏమి తిని బ్రతుకుతుంది?" అని అడిగాను. రెండు జట్లలోను నిశ్శబ్దం. కొంతసేపటికి ఒకరు మాంసం అన్నారు, మరొకరు పాములు అన్నారు. నిజానికి ఆ పక్షి ప్రధానాహారం చెట్ల కింద రాలిపడిన పండ్లు.

ఆ రోజు మొదలు ఈ విషయం నా మనస్సును విడువలేదు. ఒక ప్రాణి ఏ విధంగా చంపగలదో మన పిల్లలకు కంఠస్థమై ఉన్నది. అది ఏ విధంగా జీవిస్తున్నదో, దాని వల్ల ఎవరికి ఏమి మేలు జరుగుతున్నదో మాత్రం తెలియదు. ఇది విద్యార్థుల తప్పు కాదు. వారికి దొరికే పుస్తకాలు, ప్రశ్నావళులు జంతువులను రికార్డుల పట్టికగా మార్చివేశాయి. నా అభిప్రాయంలో కాసోవరికి మానవుని వల్ల రెండు రకాల అపకారం జరుగుతున్నది. దానిని చూచి అకారణంగా భయపడటం మొదటిది. దానిని చూచి ముచ్చటపడో జాలిపడో మేత వేయడం రెండవది. ఈ రెండింటిలో రెండవదే ఎక్కువ హానికరమని అంటే కొందరికి విడ్డూరంగా తోచవచ్చు.

ముందు పక్షిని గురించి నాలుగు మాటలు. మన భాషలలో దీనికి సొంత పేరు లేదు. నిప్పుకోడికి ఉన్నది. ఉర్దూలో దానిని షుతుర్‌ముర్గ్ అంటారు. షుతుర్ అంటే ఒంటె, ముర్గ్ అంటే పక్షి. మన పుస్తకాలలో కనిపించే ఉష్ట్రపక్షి అన్న మాటకు కూడా సరిగ్గా ఇదే అర్థం. ఈ కళాశాలలో ఒకే బెంచీపై కూర్చునే రెండు భాషల పిల్లలూ ఒకే పోలికను వారసత్వంగా పొందారన్నమాట! కాసోవరి అన్నది మలయ్ భాష నుండి ఐరోపావారు తీసుకున్న పేరు. 1597లో డచ్చి ఓడలలో తొలిసారిగా ఒక కాసోవరి ప్రాణంతో ఆంస్టర్‌డాం చేరినప్పుడు దానిని చూడటానికి జనం విరగబడ్డారు. అప్పటి నుండి నేటి వరకు అది వింత వస్తువుగానే మిగిలిపోయింది.

ఈ జాతిలో మూడు రకాలున్నవి. మూడూ న్యూగినీ ద్వీపంలో కనిపిస్తాయి. వాటిలో పెద్దదైన దక్షిణ కాసోవరి మాత్రం ఆస్ట్రేలియా ఈశాన్య కొసన క్వీన్స్‌లాండ్ రాష్ట్రపు వర్షారణ్యాలలో కూడా ఉన్నది. దానికి అతి దగ్గర చుట్టం ఈము పక్షి. కొన్నేళ్ళ క్రితం మన జిల్లాలలో లాభాల ఆశతో ఈము ఫారాలు పెట్టి నష్టపోయినవారిని మనలో చాలామంది ఎరుగుదురు. ఆ ఈమును మనస్సులో పెట్టుకుని, దాని కన్న బరువైన, నల్లని, బలిసిన కాళ్ళు గల పక్షిని ఊహించుకుంటే కాసోవరి రూపం కొంతవరకు గోచరిస్తుంది. ఆడపక్షి మగదాని కన్న పెద్దది. 70 కిలోలు దాటి తూగగలదు. బరువులో నిప్పుకోడి తరువాతి స్థానం దీనిదే. ఈకలు ఈకలవలె ఉండవు, ముతక వెంట్రుకలవలె క్రిందికి వ్రేలాడుతుంటాయి. ముళ్ళకంపల నడుమ దూరిపోవడానికి ఇంతకన్న మంచి వస్త్రం ఉండదేమో. రెక్కలు దాదాపు అంతరించి, వాటి చోట కొన్ని మొద్దు ఈకకాడలు మాత్రమే మిగిలినవి. మెడ నీలం, మెడ ముందు రెండు ఎర్రని చర్మపు మడతలు జారుతుంటాయి. కాలికి మూడు వ్రేళ్ళు. లోపలి వ్రేలికి 12 సెంటీమీటర్ల వరకు పెరిగే కత్తివంటి గోరు. చప్పట్లన్నీ ఈ గోటికే!

తలపైన కిరీటంవంటి ఎత్తయిన నిర్మాణం ఒకటి ఉన్నది. పైన గోటివంటి పదార్థపు తొడుగు, లోపల స్పంజివంటి ఎముక. అది దేనికి ఉపయోగమన్న విషయమై శాస్త్రజ్ఞులు చాలాకాలం తర్జనభర్జన పడ్డారు. పొదలను చీల్చుకుపోవడానికన్నారు, పోట్లాటకన్నారు. 2019లో వెలువడిన ఒక పరిశోధన, ఎండ ముదిరినప్పుడు ఆ కిరీటం ద్వారా పక్షి తన ఒంటి వేడిమిని బయటికి పంపుతున్నదని ఉష్ణచిత్రాల సహాయంతో చూపించింది. ఉక్కపోతగల అడవిలో నల్లని దుప్పటి కప్పుకుని తిరిగే ప్రాణికి ఇది అవసరమే. దీని గొంతు సంగతి మరీ విచిత్రం. మనిషి చెవికి వినబడీ వినబడని, వినబడటం కంటె ఎక్కువగా గుండెలో కంపనంగా తెలిసే అతి మంద్రస్వరంతో ఇది పిలుస్తుంది. దట్టమైన చెట్ల నడుమ ఆ స్వరం దూరం పోగలదు. ఒంటరిగా జీవించే పక్షులకు అది సౌకర్యం.

ఇక అసలు విషయం. కాసోవరి పండును కొరకదు, నమలదు. ముక్కుతో అందుకుని తల పైకెత్తి అమాంతం మింగుతుంది. మామిడి టెంకవంటి పెద్ద టెంకలున్న అడవిపండ్లు కూడా ఆ గొంతులో దిగిపోతాయి. గింజను నూరి పిండిచేసే స్వభావం దాని జీర్ణకోశానికి లేదు. గుజ్జు అరిగిపోతుంది, గింజ చెక్కుచెదరకుండా రెట్టలో పడుతుంది. ఇతర ప్రాణులకు విషమయ్యే కొన్ని పండ్లను కూడా ఇది నిశ్చింతగా తింటుంది. క్వీన్స్‌లాండ్ అడవులలో ఇది తినే పండ్ల చెట్లు, తీగెలు 200 జాతులకు మించి ఉన్నట్లు లెక్కించారు. తల్లిచెట్టు నీడలో పడిన గింజకు ఎలుకల బెడద, నీడ బెడద, తోటి మొలకలతో పోటీ. కాసోవరి కడుపులో ప్రయాణం చేసిన గింజ కొన్ని వందల మీటర్ల దూరాన, ఒక్కొక్కసారి కిలోమీటరు దాటి, చుట్టూ ఎరువుతో సహా నేలను చేరుతుంది. కొండవాలు దిగువన రాలిన పండు గింజ ఎగువకు ఎక్కాలంటే గాలి వల్ల కాదు, నీటి వల్ల అసలే కాదు.

ఈ సేవ ఎంత విలువైనదో చెప్పే ఉదాహరణ ఒకటి చాలు. డెయిన్‌ట్రీ ప్రాంతంలో రైపరోసా అనే ఒక అరుదైన చెట్టున్నది. దాని శాస్త్రీయ నామంలోని రెండవ పదం కాసోవరికి అక్కడి కూకూ యలంజీ ఆదివాసులు పెట్టుకున్న పేరు నుండి వచ్చినదే. ఆ చెట్టు గింజలను ఇద్దరు శాస్త్రజ్ఞులు పరీక్షించి 2004లో ఫలితాలు ప్రకటించారు. పక్షి కడుపులోకి పోని గింజలలో మొలకెత్తినవి నూటికి 4. పక్షి మింగి విసర్జించిన గింజలలో మొలకెత్తినవి నూటికి 92! ఈ రెండు అంకెల నడుమ దూరమే కాసోవరి చేసే పని. మన అడవులలో ఈ పనిని పంచుకోవడానికి ఏనుగులున్నవి, కోతులున్నవి, పెద్ద ముక్కుల ధనేశ పక్షులున్నవి. క్వీన్స్‌లాండ్ అడవికి ఏనుగు లేదు, కోతి లేదు, ధనేశ పక్షి లేదు. గబ్బిలాలూ ఇతర పక్షులూ చిన్న గింజలను మోయగలవు గాని, అతి పెద్ద గింజలను మింగి దూరం చేర్చగలిగినది దాదాపు ఈ పక్షి ఒక్కటే. పక్షి పోతే చెట్లు మరునాడే పడిపోవు. ఇప్పుడున్న చెట్లు నూరేళ్ళు నిలువవచ్చు. వాటి పిల్లలు మాత్రం ఎడమై, కొన్ని చోట్ల పుట్టకుండా పోతాయి. కంటికి పచ్చగా కనిపిస్తూనే అడవి వంశం సన్నగిల్లుతుంది. ఇటువంటి నష్టం పత్రికల మొదటి పేజీకి ఎక్కదు.

సంసార విషయంలో కూడా కాసోవరి తలక్రిందుల పక్షి. ఆడపక్షి లేత ఆకుపచ్చని గ్రుడ్లు మూడు మొదలు ఐదు వరకు పెట్టి తన దారిన తాను పోతుంది. మరొక మగపక్షిని వెతుక్కుంటుంది కూడా. సుమారు 50 రోజులు వాటిపై కూర్చుని పొదిగేది తండ్రి. ఆ రోజులలో అది గూడు విడిచి మేతకు పోవడమే అరుదు. చారల పిల్లలు బయటికి వచ్చిన తరువాత దాదాపు తొమ్మిది నెలలు వాటిని వెంటబెట్టుకుని, ఏ చెట్టు కింద ఎప్పుడు పండు రాలుతుందో చూపించేది కూడా తండ్రే. పిల్లలు వెంట ఉన్న తండ్రి పక్షి దగ్గరకు పోయినవారిని అది తన్నిందంటే అందులో ఆశ్చర్యమేమున్నది? పిల్లల కోడి కూడా ఆ పనే చేస్తుంది, గోరు మాత్రం చిన్నది.

ఈ పక్షి సాధువని నేను వాదించబోవడం లేదు. అది తన్నితే మనిషి చావగలడు. 2019లో అమెరికాలోని ఫ్లోరిడాలో ఒక వృద్ధుడు తాను పెంచుకుంటున్న కాసోవరి చేతనే మరణించాడు. అయితే అంతటి "ప్రపంచ ప్రమాదకారి" తన సొంత దేశమైన ఆస్ట్రేలియాలో ఎంతమందిని చంపిందని నమోదైనదో తెలుసా? ఒక్కరిని. అది 1926లో. మాస్‌మన్ దగ్గర అన్నదమ్ములైన ఇద్దరు బాలురు కర్రలతో ఒక కాసోవరిని కొట్టి చంపబోయారు. 16 ఏళ్ళ పెద్దవాడు క్రిందపడగా పక్షి కాలిగోరు అతని మెడకు తగిలింది. ఆ బాలుని మరణం విచారకరమే. కాని ఆ తగవులో ముందు కర్ర ఎత్తినది ఎవరన్న ప్రశ్నను మన ప్రశ్నావళులు ఎన్నడూ అడగవు.

క్వీన్స్‌లాండ్‌లో జరిగిన 221 కాసోవరి దాడులను పరిశీలించిన ఒక శాస్త్రజ్ఞుని పరిశోధన 1999లో వెలువడింది. వాటిలో 150 మనుషులపై జరిగినవి. ఆ 150లో నూటికి 75 వంతులు అంతకు ముందు మనుషుల చేతి మేతకు అలవాటుపడిన పక్షులు చేసినవే. నన్ను ఈ వ్యాసానికి పురికొల్పిన అంకె ఇదే. అడవిపక్షి సహజంగా మనిషిని తప్పించుకుని పొదలలోకి జారుకుంటుంది. పర్యాటకుడు కారు ఆపి అరటిపండు వేస్తాడు. గృహిణి పెరటి గోడపై నుండి బొప్పాయి ముక్కలు విసురుతుంది. పది రోజులలో పక్షికి మనిషంటే భయం పోయి, మనిషి అంటే పండు అన్న పాఠం మిగులుతుంది. తరువాత వచ్చినవాడు వట్టి చేతులతో వస్తే అది వెంటబడుతుంది. అప్పుడు "దుష్టపక్షి" అని పేరు పెడతాం. చేతిమేత మరిగిన పక్షి రోడ్డు పక్కనే కాచుకుని, రయ్యిన వచ్చే మోటారు కారు క్రింద పడుతుంది. లేదా ఇళ్ళ మధ్యకు వచ్చి కుక్కల వాత పడుతుంది. క్వీన్స్‌లాండ్‌లో లెక్కకు వచ్చిన కాసోవరి మరణాలకు ముఖ్య కారణాలు ఈ రెండే: వాహనాలు, కుక్కలు. అందుకే అక్కడ ఈ పక్షికి మేత వేయడాన్ని చట్టం నేరంగా ప్రకటించింది.

దానం పుణ్యమని నేర్చుకుని పెరిగినవాళ్ళం మనం. పిచ్చుకలకు వడ్లకంకులు వ్రేలాడగట్టిన చేతులు మనవి, పావురాలకు జొన్నలు చల్లిన చేతులు మనవి. మేత వేయడం నేరమంటే మనస్సు ఒప్పుకోదు. నేనూ మొదట ఒప్పుకోలేదు. కాని ఇక్కడ మేత వేసేవాడికి దక్కేది పక్షిని దగ్గరగా చూచిన సంతోషం, పక్షికి దక్కేది రోడ్డు. మనకు ఆనందం కలిగిందన్న ఒక్క కారణం చేత దానిని దయ అని పిలవడం సరికాదు.

దీనిపై ఒక ఆక్షేపణ రావచ్చు. 2006 మార్చిలో లారీ తుఫాను, 2011 ఫిబ్రవరిలో యాసీ తుఫాను మిషన్ బీచ్ ప్రాంతపు అడవులను ఊడ్చివేసినవి. 2014లో హుద్‌హుద్ తుఫాను తరువాత విశాఖపట్టణం కొండలను చూచినవారికి ఆ దృశ్యం వేరే వర్ణించనక్కరలేదు. ఆ తుఫాను పేరే ఒక పక్షి పేరు కావడం మరొక వింత. చెట్లకు పండ్లు లేక కాసోవరులు ఆకలితో ఊళ్ళపై పడినప్పుడు ప్రభుత్వమే పండ్లు తెచ్చి వేసింది. మరి అది నేరం కాదా అని అడుగవచ్చు. ఆ మేతను అధికారులు ఇళ్ళకు, రోడ్లకు దూరంగా అడవి లోపలి చోట్లలో పెట్టారు. కొంత హెలికాప్టర్ల నుండి జారవిడిచారు. ఇచ్చే చేయి పక్షి కంట పడకుండా ఇచ్చారు. మేత వేసిన మనిషిని పక్షి ఎరుగదు, కనుక మనిషి వెంట పడదు. గుప్తదానం గొప్పదని మన పెద్దలు చెప్పిన మాట ఈ సందర్భంలో జీవశాస్త్రానికి కూడా సరిపోయింది.

మేతకన్న పెద్ద ప్రశ్న నేల. క్వీన్స్‌లాండ్ తీరపు మైదానాలలోని వర్షారణ్యం 19వ శతాబ్ది చివరి నుండి చెరకు తోటలకు, అరటి తోటలకు, పశువుల బీళ్ళకు నరికివేయబడింది. తూర్పు గోదావరి రైతును తీసుకుపోయి అక్కడ నిలబెడితే పంటలు చూచి తన ఊరే అనుకుంటాడు. మిగిలిన అడవిలో చాలా భాగాన్ని 1988లో ప్రపంచ వారసత్వ ప్రదేశాల జాబితాలో చేర్చారు. రాష్ట్ర ప్రభుత్వం వ్యతిరేకించినా కేంద్ర ప్రభుత్వం పట్టుబట్టి చేసిన పని అది. 2021లో డెయిన్‌ట్రీ జాతీయ వనాన్ని కూకూ యలంజీ ప్రజలకు తిరిగి అప్పగించారు. ఇవి సంతోషించదగినవే. అయితే కొండలకు దొరికిన రక్షణ మైదానపు ముక్కలన్నిటికి దొరకలేదు. ఒక అడవిముక్కకు, మరొక ముక్కకు మధ్య ఇళ్ళస్థలాలు, రోడ్లు లేచినవి. కాసోవరికి కాలానుగుణంగా ఏ పండు ఎక్కడ పండితే అక్కడికి నడవాలి. రెక్కలున్న పక్షి రోడ్డు మీదుగా ఎగిరిపోతుంది. దీనికి నడకే గతి. ముక్కలను కలుపుతూ చెట్లు నాటి బాటలు ఏర్పరచడం, వాహనాల వేగం తగ్గించడం, కుక్కలను కట్టివేయడం అన్నవి వినడానికి గొప్పగా ఉండవు. పక్షిని నిలబెట్టేవి మాత్రం అవే.

అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ వారి జాబితాలో దక్షిణ కాసోవరికి ప్రస్తుతం పెద్ద ఆపద లేదని వ్రాసి ఉన్నది కదా, మీకెందుకీ ఆందోళన అని మా సహోద్యోగి ఒకరు ఎత్తిపొడిచారు. నిజమే, న్యూగినీలో విస్తారమైన అడవులున్నవి. ఆస్ట్రేలియా ప్రభుత్వం మాత్రం తన భూభాగంలోని పక్షులను అంతరించే ప్రమాదంలో ఉన్నవిగా ప్రకటించింది. 2014 నాటి అంచనా ప్రకారం అక్కడి తడి ఉష్ణమండల అడవులలో ఉన్నవి సుమారు 4,400 మాత్రమే. మన కళాశాలలు రెండు మూడింటి విద్యార్థుల సంఖ్య! న్యూగినీలో వంద పక్షులు ఎక్కువైనంత మాత్రాన మిషన్ బీచ్‌లోని గింజ మొలకెత్తదు. న్యూగినీ సంగతి కూడా అంత నిశ్చింతగా వదిలివేయదగినది కాదు. అక్కడి ప్రజలు తరతరాలుగా కాసోవరిని వేటాడారు, పిల్లలను తెచ్చి పెంచారు, వివాహాలలో కానుకలుగా ఇచ్చారు, దాని ఎముకలతో బాకులు చేసుకున్నారు. ఆ పక్షి వారి బ్రతుకులో భాగం. వేల ఏండ్లుగా సాగిన ఆ సంబంధం వేరు, అడవిని చదును చేసే యంత్రం వేరు.

మన నేలపై కూడా ఎగురలేని మహాపక్షి ఒకప్పుడు తిరుగాడింది. మన ప్రకాశం జిల్లాలో సుమారు 41,000 సంవత్సరాల నాటి నిప్పుకోడి గూడు ఆనవాళ్ళు, వేలకొలది గ్రుడ్డు పెంకులతో సహా బయల్పడినట్లు 2024లో పురాతత్త్వవేత్తలు ప్రకటించారు. ఆ పక్షి ఇక్కడ ఏ మొక్కకు ఏ మేలు చేసేదో, అది పోయిన తరువాత ఏ మొక్క కనుమరుగైందో చెప్పగలవారు ఎవరూ మిగలలేదు. కాసోవరి విషయంలో చెప్పగలవారు ఉన్నారు, చెప్పారు, అంకెలతో సహా చెప్పారు.

కళాశాల కార్యవర్గం వారికి, వచ్చే వార్షికోత్సవానికి ప్రశ్నలు కూర్చే మిత్రులకు నా విన్నపం ఒకటున్నది. కాసోవరి ప్రశ్నను తీసివేయవద్దు. దానిని ఇలా మార్చండి: "పక్షి మింగితే నూటికి 92, మింగకుంటే నూటికి 4 మొలకెత్తే గింజలు ఏ చెట్టువి? ఆ పక్షి ఏది?" మొదటి సంవత్సరం ఎవరూ చెప్పలేకపోవచ్చు. చప్పట్లు కొంత ఆలస్యమైనా ఫరవాలేదు.